హెడ్‌ఫోన్లు, సంగీత రీతులు: ఏలూరు, తాడేపల్లిగూడెం, కొల్లేరు సీమ

ఒక్కరే వినడానికి వీలుగా చెవులకు ఆనించుకునే రెండు చిన్న స్పీకర్ల జతను హెడ్‌ఫోన్లు అంటారు. వందల రూపాయలకు దొరికేవీ ఉన్నాయి, లక్షలు పలికేవీ ఉన్నాయి. చౌక జతకూ మంచి జతకూ మధ్య ఉన్నది నాణ్యతలో తేడా. మంచి జతలన్నిటి మధ్య ఉన్నది మాత్రం స్వభావంలో తేడా. ఒకటి గొంతును ముందుకు తెస్తుంది, ఒకటి మృదంగం తొప్పిని గట్టిగా పలికిస్తుంది, మరొకటి తంబురా శ్రుతిని గది నిండా పరిచినట్టు వినిపిస్తుంది. అందుకే ‘ఏది గొప్పది’ అని అడిగినవాణ్ణి ‘ఏ పాటకు’ అని తిరిగి అడగాలి. ఏలూరు, తాడేపల్లిగూడెం, కొల్లేరు చుట్టూ ఉన్న ఊళ్ల సంగీతాన్ని దగ్గర పెట్టుకుని చేసిన పోలిక ఇది.

సీమ, దాని చెవి

కొల్లేరును నడుమ ఉంచి చూస్తే పడమట నూజివీడు, నైరుతిన గుడివాడ, తూర్పున పాలకొల్లు, ఈశాన్యాన కొవ్వూరు. ఈ నాలుగు ఊళ్లకూ సంగీతంలో నాలుగు వాటాలున్నాయి. నూజివీడు పనస కర్రతో వీణలు చేసే ఊరు. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు మారినప్పుడు ఏలూరు జిల్లాలోకి వచ్చింది. గుడివాడ దగ్గరి చౌటపల్లిలో 1922 డిసెంబర్ 4న ఘంటసాల వెంకటేశ్వరరావు పుట్టారు. పాలకొల్లులో 1969 ఫిబ్రవరి 28న మాండలిన్ శ్రీనివాస్ పుట్టారు. ఆయన తొలి కచేరీ 1978లో గుడివాడ త్యాగరాజ ఆరాధనోత్సవాల్లోనే. కొవ్వూరులో 1961లో ఎం.ఎం. కీరవాణి పుట్టారు.

ఏలూరు పక్కనే ఉన్న సోమవరప్పాడు సంగతి వేరు. వయొలిన్ విద్వాంసుడు అన్నవరపు రామస్వామిదీ ఆ ఊరే, సినిమా దర్శక నిర్మాత ఎల్.వి. ప్రసాద్‌దీ ఆ ఊరే. ఒకరు తీగ మీద నాదం పలికించారు. రెండోవారు మద్రాసులో స్థాపించిన ప్రసాద్ స్టూడియో దక్షిణాది సినిమా పాటల రికార్డింగుకు దశాబ్దాలపాటు పెద్ద నెలవైంది. చిన్న ఊరికి అది చాలా పెద్ద వాటా.

ఈ సీమ చెవిని తీర్చిదిద్దిన సంస్థ మరొకటి ఉంది. 1948 డిసెంబర్ 1న ప్రారంభమైన ఆకాశవాణి విజయవాడ కేంద్రం. అన్నవరపు రామస్వామి, నిడదవోలులో పుట్టిన బాలాంత్రపు రజనీకాంతరావు ఆ కేంద్రంలో పనిచేసినవారే. తెల్లవారి భక్తిరంజని మొదలు రాత్రి నాటకం దాకా డెల్టా ఊళ్లు విన్నది మీడియం వేవ్ మీదనే. మీడియం వేవ్ ప్రసారంలో సుమారు 5,000 హెర్ట్జ్ పైన ఉన్న శబ్దం శ్రోతకు దాదాపు అందదు. అడుగున బేసూ చిన్న రేడియో పెట్టెలో పలకదు. మిగిలేది నడిమి భాగమే. గొంతు, వీణ, వయొలిన్, వేణువు, సన్నాయి అన్నీ కాపురముండేదీ అక్కడే.

ఈ వ్యాసం అభిప్రాయం ఇది: ఈ సీమ సంగీతంలో ఎక్కువ పాలు నడిమి స్వరాలది, అంటే సుమారు 200 నుంచి 4,000 హెర్ట్జ్ మధ్యది. ఇప్పుడు బజారులో ఎక్కువగా అమ్ముడుపోయే జతలేమో బేస్‌ను, ట్రెబుల్‌ను పైకెత్తి నడుమను పల్లం చేసేవి. ఇంగ్లిష్ అక్షరం ‘వీ’ ఆకారంలో ఉంటుంది వాటి ధోరణి. అవి నృత్యగీతానికి ఒప్పుతాయి, ఘంటసాలకు ఒప్పవు.

లోపల ఏముంటుంది

శబ్దాన్ని పుట్టించే పలుచటి పొరను కదిపే తీరును బట్టి హెడ్‌ఫోన్లలో ప్రధానంగా మూడు జాతులు. మొదటిది డైనమిక్. అయస్కాంతం మధ్య తీగచుట్ట, దానికి అతికించిన పొర. మామూలు స్పీకర్ లాంటిదే, చిన్నది. జర్మనీకి చెందిన బేయర్‌డైనమిక్ 1937లో తెచ్చిన డీటీ 48 ఈ జాతికి ఆద్యం. రెండోది ప్లానార్ మాగ్నెటిక్. ఇందులో తీగచుట్ట ఉండదు. పొర మీదనే విద్యుత్ మార్గం పరిచి ఉంటుంది, అందువల్ల పొర అంతా ఒక్కసారిగా కదులుతుంది. ఆడిజీ, హైఫైమాన్ కంపెనీలు గత పదిహేనేళ్లలో దీనికి పేరు తెచ్చాయి. మూడోది ఎలక్ట్రోస్టాటిక్. అతి పలుచటి పొరకు విద్యుదావేశం ఇచ్చి, అటూ ఇటూ ఉన్న చిల్లుల పలకల మధ్య ఆడిస్తారు. జపాన్ కంపెనీ స్టాక్స్ 1960లో ఎస్ఆర్-1 పేరుతో దీన్ని మొదట అమ్మింది. చెవిలో దూర్చుకునే రకాల్లో బ్యాలెన్స్‌డ్ ఆర్మేచర్ అనే మరో పద్ధతి వాడతారు. అది వినికిడి యంత్రాల నుంచి వచ్చింది.

స్టీరియో సంగీతం వినడానికంటూ హెడ్‌ఫోన్లు తెచ్చినవాడు అమెరికాలోని మిల్వాకీ వాసి జాన్ కాస్, 1958లో. అంతకు ముందు అవి టెలిఫోన్ ఆపరేటర్లకు, నౌకాదళాలకు, రేడియో కేంద్రాలకు పనిముట్లు. 1968లో జర్మన్ కంపెనీ సెన్‌హైజర్ హెచ్‌డి 414తో వెనకవైపు తెరిచి ఉంచే పద్ధతి మొదలుపెట్టింది. అప్పటినుంచి తెరిచినవి, మూసినవి అన్న విభజన స్థిరపడింది. తెరిచిన జతలో శబ్దం బయటికి పోతుంది, బయటి శబ్దం లోపలికి వస్తుంది; బదులుగా పాట తల బయట విన్నంత సహజంగా ఉంటుంది. మూసిన జత రొదను ఆపుతుంది, బేస్‌ను పట్టి ఉంచుతుంది, కాస్త ఇరుకుగా వినిపిస్తుంది. రికార్డింగ్ గదిలో గాయకులు మూసినవే పెట్టుకుంటారు. లేకపోతే చెవిలో వినిపించే వాద్యసహకారం మైకులోకి దూరిపోతుంది.

పాత సినిమా పాట

ఘంటసాల, సుశీల, జిక్కి, ఏ.ఎం. రాజా, మాధవపెద్ది కాలపు పాటలు మోనోలో ఉన్నాయి. ఉదాహరణకు మాయాబజార్ 1957 నాటిది. ఆ పాటలను ఏ జతలో విన్నా అన్ని వాద్యాలూ, గొంతూ తల నడిమధ్యలో ఒక్కచోటే ఉంటాయి. ఎడమ, కుడి అన్న తేడా లేదు కనుక, విశాలంగా వినిపిస్తుందని పేరున్న జతకు ఇక్కడ పనే లేదు. లక్షన్నర పెట్టి కొన్న వైశాల్యం ఈ పాట దగ్గర వృథా.

ఆ రోజుల్లో సినిమా శబ్దపథంలోనూ, 78 చుట్ల రికార్డులోనూ 8,000 హెర్ట్జ్ పైన చెప్పుకోదగ్గ సంగీతం సాధారణంగా ఉండదు. ఉండేది సూది గీత, టేపు సొద. హెచ్‌డి 600 వివరాల్లో 40,000 హెర్ట్జ్ దరిదాపుల దాకా అని ఉంటుంది. అంత పైకి వెళ్లే జతలో ట్రెబుల్ కూడా ఎత్తుగా ఉంటే, పాటకంటే ముందు సొద పలకరిస్తుంది. కాబట్టి పాత పాటకు కావలసింది మూడే మూడు: నడిమి స్వరాల్లో నిజాయితీ, పైన సౌమ్యత, గంటసేపు పెట్టుకున్నా నొప్పి పుట్టని తేలికదనం.

ఈ మూడూ ఒకచోట కుదిరిన జతలుగా సెన్‌హైజర్ హెచ్‌డి 600, హెచ్‌డి 650లను చెప్పాలి. మొదటిది 1997లో, రెండోది 2003లో వచ్చాయి. రెండూ తెరిచినవే, రెండూ 300 ఓమ్‌లవే. హెచ్‌డి 600 బరువు 260 గ్రాములు. గొంతులోని జీర, పదం చివర ఊపిరి, ‘ళ’కూ ‘ల’కూ తేడా ఇందులో స్పష్టంగా తెలుస్తాయి. హెచ్‌డి 650 కొంచెం వెచ్చన. పైభాగం మరింత మెత్తన. సొద ఎక్కువ ఉన్న రికార్డుకు రెండోది, బాగా శుభ్రం చేసిన ప్రతికి మొదటిది నప్పుతుంది. వీటికంటే పదింతలు ఖరీదున్న జతలు ఈ పాటల దగ్గర వీటిని మించి చేసేది స్వల్పం. ఇంతకంటే తక్కువలో కావాలంటే ఏకేజీ కె240 ఉంది. వియన్నాలో పుట్టిన ఆ కంపెనీ జతలు స్టూడియోల్లో ఏళ్ల తరబడి నలిగినవే.

ఒక జాగ్రత్త. పాత పాటలకు కొత్త డ్రమ్ములు, కీబోర్డులు జోడించి స్టీరియోగా మార్చిన ప్రతులు చాలా తిరుగుతున్నాయి. వాటిని మంచి హెడ్‌ఫోన్లో వింటే అతుకు ఎక్కడో ఇట్టే తెలిసిపోతుంది. అది హెడ్‌ఫోన్ల తప్పు కాదు. అసలు మోనో ప్రతి సంపాదించి వినడం, జత మార్చడం కంటే చవక, మేలు.

శంకరాభరణం 1980లో వచ్చేనాటికి పరిస్థితి మారుతోంది. కె.వి. మహదేవన్ బాణీల్లో వీణ, మృదంగం, ఎస్.పి. బాలు గొంతు వేరువేరుగా నిలబడి వినిపించడం మొదలైంది. ఇక్కడినుంచి వైశాల్యానికి కొంత విలువ వస్తుంది.

వీణ, వయొలిన్, మాండలిన్

వీణ హెడ్‌ఫోన్లకు గట్టి పరీక్ష. వాయించే తీగలు నాలుగు, తాళానికి మూడు, మైనం మీద నిలిపిన మెట్లు 24. మధ్య స్థాయి షడ్జం నుంచి అనుమంద్ర పంచమం దాకా తీగలు దిగుతాయి. శ్రుతిని బట్టి అట్టడుగు తీగ 60 హెర్ట్జ్ దరిదాపుల్లో మోగుతుంది. అంటే ఒకే వాద్యంలో గంభీరమైన అడుగూ ఉంది, గోటి మీటు చురుకూ ఉంది. రెంటి మధ్యా గమకం ఉంది. తీగను మెట్టు మీద పక్కకు లాగినప్పుడు స్వరం జారుతుంది. మీటు చప్పుడు ఆరిపోయాక కూడా ఆ జారుడు కొనసాగుతుంది. నాసిరకం జతలో మీటు గట్టిగా వినిపించి, గమకం తోక మాయమవుతుంది. వీణ అప్పుడు గిటారుకు దూరపు చుట్టంలా వినిపిస్తుంది.

నూజివీడు వీణల్లో కుండ, దండి ఒకే పనస మొద్దు నుంచి తొలిచే ఏకాండి రకం ప్రసిద్ధం. కర్రలో అతుకు లేకపోతే నాదం నిలకడగా ఉంటుందని వైణికుల మాట. ఆ నిలకడ రికార్డులో పట్టుకున్నారా లేదా అన్నది మైకు పెట్టినవారి చేతిలో ఉంది. అక్కడ పట్టుబడితే, ఇక్కడ వినిపించగలిగేది ఎలక్ట్రోస్టాటిక్ జాతి. స్టాక్స్ పొర బరువు దాదాపు లేనట్టే కనుక మీటు ఎక్కడ మొదలైందో, ఎక్కడ ఆగిందో గీత గీసినట్టు తెలుస్తుంది. 2011లో వచ్చిన ఎస్ఆర్-009 ఈ వరసలో పేరు మోసింది. సెన్‌హైజర్ 1991లో మూడు వందలే చేసిన ఆర్ఫియస్ కూడా ఈ జాతిదే. దాని వారసుడు హెచ్‌ఈ 1 ధర 2015లో ప్రకటించినప్పుడు సుమారు 50,000 యూరోలు. ఆ ధరకు నూజివీడులో ఎన్ని వీణలు వస్తాయో పాఠకులే లెక్క వేసుకోవచ్చు. మన దేశంలో కల్దాస్ రీసెర్చ్ అనే సంస్థ ఆర్ఆర్1 కాంక్వెస్ట్ పేరుతో ఎలక్ట్రోస్టాటిక్ జత తయారుచేసింది. ఈ జాతి మొత్తానికీ ప్రత్యేకమైన ఆంప్లిఫయర్ కావాలి. ఇప్పటి స్టాక్స్ జతల పొరకు 580 వోల్టుల ఆవేశం అందించాలి. విద్యుత్ ప్రవాహం అతి స్వల్పం కనుక శ్రోతకు భయం లేదు.

అంత దూరం వెళ్లనివారికి వీణకు ప్లానార్ జతలు చాలు. అనుమంద్ర తీగ మోతను సన్నబడకుండా దింపడంలో డైనమిక్ తెరిచిన జతలకంటే ఇవి మెరుగు. హైఫైమాన్ సుందర ఈ జాతిలో అందుబాటు ధరది, ఆడిజీ ఎల్‌సీడీ-ఎక్స్ పై మెట్టుది. ఎల్‌సీడీ-ఎక్స్ 600 గ్రాములకు పైబడే ఉంటుంది. రాగం, తానం, పల్లవి పూర్తయ్యేలోపు మెడ ఆ సంగతి గుర్తుచేస్తుంది.

వయొలిన్‌కు మరో చిక్కు. కమాను తీగను రాపిడి చేసే చోట 2,000 నుంచి 5,000 హెర్ట్జ్ మధ్య శబ్దం దట్టంగా ఉంటుంది, మనిషి చెవి అతి సున్నితంగా ఉండేదీ అక్కడే. ఆ భాగం ఒక పిసరు ఎత్తుగా ఉన్న జతలో వయొలిన్ గీరుకుంటుంది. ఒక పిసరు తగ్గితే ముసుగు కప్పినట్టుంటుంది. హెచ్‌డి 600 ఇక్కడ మళ్లీ ముందుంటుంది. 2009 నాటి హెచ్‌డి 800 వైశాల్యంలో సాటిలేనిది, కానీ 6,000 హెర్ట్జ్ ప్రాంతంలో దానికి ఒక మిట్ట ఉంది. 2016లో వచ్చిన హెచ్‌డి 800 ఎస్‌లో ఆ మిట్టను తగ్గించారు. వయొలిన్ కచేరీలు ఎక్కువగా వినేవారు రెండోదాన్నే చూడాలి.

మాండలిన్ శ్రీనివాస్ వాయించినది నాలుగు జంట తీగల పాశ్చాత్య మాండలిన్ కాదు. ఆయన ఐదు ఒంటి తీగలతో ఎలక్ట్రిక్ మాండలిన్ వాడారు. గమకం లాగడానికి జంట తీగలు అడ్డమని. ఆయన గురువు రుద్రరాజు సుబ్బరాజుకు మాండలిన్ రాదు. గురువు పాడితే శిష్యుడు వాయించేవాడు. ఆ వాద్యం మీద గొంతు జాడ బలంగా ఉండడానికి అదే కారణం కావాలి. కనుక ఆయన కచేరీ రికార్డులకు గొంతుకు నప్పిన జతలే నప్పుతాయి. మైకేల్ బ్రూక్‌తో 1995లో చేసిన డ్రీమ్, తర్వాత జాన్ మెక్‌లాఫ్లిన్ రిమెంబర్ శక్తి బృందంతో వాయించినవి వేరు సంగతి. వాటిలో లోతైన బేస్, జాకిర్ హుస్సేన్ తబలా బాయా, వేదిక వైశాల్యం ఉన్నాయి. ఫ్రాన్స్ కంపెనీ ఫోకల్ 2016లో తెచ్చిన యుటోపియా వంటి జత తన ధరను సమర్థించుకునేది ఇలాంటి చోట. బెరీలియం పొర ఉన్న ఆ జత తొలి ధర దాదాపు 4,000 డాలర్లు.

సన్నాయి, బుర్రకథ, డప్పు

ద్వారకాతిరుమల కొండ మీద వినే సన్నాయిని రికార్డులో వినడం ఎప్పుడూ రాజీయే. ఆరుబయట పుట్టిన వాద్యం అది. పీక నుంచి వచ్చే పదును దగ్గరి మైకులో మరీ పదునెక్కుతుంది. డోలు దెబ్బ దాని పక్కనే పడుతుంది. ట్రెబుల్ ఎత్తుగా ఉన్న బేయర్‌డైనమిక్ డీటీ 990 లాంటి జతలో పది నిమిషాలకే చెవి అలిసిపోతుంది. హెచ్‌డి 650 వంటి మెత్తని జతే మంచిది, వాల్యూమ్ రెండు గీతలు తగ్గించి.

బుర్రకథలో కథకుడి చేతిలో తంబుర, వేళ్లకు అందెలు, వంతల దగ్గర డక్కీలు. మాట అర్థం కావడమే ఇక్కడ మొదటి అవసరం. షేక్ నాజర్ పాత రికార్డులు వినేవారికి మాటను ముందుకు తెచ్చే సోనీ ఎండీఆర్-7506 సరిపోతుంది. 1991 నుంచి స్టూడియోల్లో, రేడియోల్లో, సినిమా శబ్దగ్రహణంలో వాడుతున్న మూసిన జత అది. ధర కూడా ఈ వ్యాసంలోని చాలా జతలకంటే తక్కువ. హరికథకూ ఇదే మాట.

ఫాల్గుణంలో కొల్లేటికోట పెద్దింట్లమ్మ జాతరలో మోగే డప్పు చెవికి కాదు, రొమ్ముకు తగులుతుంది. ఏ హెడ్‌ఫోనూ రొమ్మును కదపలేదు. ఆ లోటును భర్తీ చేయబోయి బేస్ పెంచుకుంటూ పోవడం చెవికి చేటు.

కీరవాణి, కొత్త పాట

కీరవాణి బాణీ కట్టిన నాటు నాటుకు 2023 మార్చిలో ఆస్కార్ వచ్చింది. ఆ పాటలో లయే ప్రధానం. అడుగు దెబ్బ, చేతి దెబ్బ, గుంపు గొంతు ఒకదానిమీద ఒకటి పడతాయి. ఇలాంటి మిక్సింగుకు కావలసింది ఎక్కువ బేస్ కాదు, ఆగిపోయే బేస్. దెబ్బ పడగానే మోత తెగిపోవాలి, లేకపోతే తర్వాతి దెబ్బ బురదలో పడుతుంది. ప్లానార్ జతలు, ఫోకల్ జతలు ఇందులో గట్టివి. మూసినవాటిలో బేయర్‌డైనమిక్ డీటీ 770 ప్రో, ఆడియో-టెక్నికా ఏటీహెచ్-ఎం50ఎక్స్ ఉత్సాహంగా ఉంటాయి. వీటిలో నడుమ కొంత వెనక్కి పోతుంది. కీరవాణి బాణీల్లోనే మెలొడీ పాటలకు వచ్చేసరికి ఆ వెనకబాటు తెలిసిపోతుంది. ఒకే సంగీత దర్శకుడికి రెండు జతలు కావలసి రావడం విడ్డూరమేమీ కాదు.

రాక్ సంగీతానికి బ్రూక్లిన్‌లోని గ్రాడో కుటుంబం చేసే జతలకు పేరుంది. ఎలక్ట్రిక్ గిటారు ఎదురుగా నిలబడి వాయిస్తున్నట్టుంటుంది. పాశ్చాత్య శాస్త్రీయ సంగీతంలో వంద మంది వాద్యకారులను వేర్వేరు చోట్ల వినాలంటే హెచ్‌డి 800 ఎస్, హైఫైమాన్ హెచ్‌ఈ1000 వరసకు రావాలి. ఈ సీమలో వాటిని వినేవారు తక్కువ కాబట్టి ఇంతటితో సరిపెడుతున్నాం.

ఇల్లు, ఉక్క, రొద

విదేశీ సమీక్షల్లో ఉండనివి ఈ సంగతులే. తెరిచిన జత నిశ్శబ్దమైన గదిని కోరుతుంది. మార్చి నుంచి అక్టోబర్ దాకా ఏలూరులో ఫ్యాను లేని గది ఎక్కడుంది? ఫ్యాను గాలి హోరు వీణ గమకం తోకను మింగేస్తుంది. ఏసీ గది ఉన్నవారికి హోరు కొంత తగ్గుతుంది, పూర్తిగా పోదు. తెల్లవారుజామున కోడి కూయకముందు, లేదా డిసెంబర్, జనవరి రాత్రులు. తెరిచిన జతకు ఇక్కడ సుముహూర్తాలు అవే.

కొల్లేరు ఒడ్డున కైకలూరు, ఆకివీడు వైపు చేపల చెరువుల ఊళ్లలో ఏరేటర్ల మోత ఉంటుంది. నీటిలో ప్రాణవాయువు నిలపడానికి రాత్రంతా తిరిగే ఆ చక్రాల శబ్దం ఒకే తీరుగా, మంద్రంగా సాగుతుంది. నాయిస్ క్యాన్సిలింగ్ హెడ్‌ఫోన్లు అణచగలిగేది సరిగ్గా ఇలాంటి శబ్దాన్నే. బయటి మోతను మైకుతో పట్టి, దానికి ఎదురు తరంగం పుట్టించి రద్దు చేయడం ఆ పద్ధతి. బెంగాలీ తండ్రికి అమెరికాలో పుట్టిన అమర్ బోస్‌కు 1978లో ఒక విమాన ప్రయాణంలో ఆ ఆలోచన వచ్చింది. 1989లో పైలట్ల హెడ్‌సెట్‌గా బజారుకెక్కింది. విమానం హోరుకు పుట్టినది చెరువు గట్టుకు పనికొచ్చింది. పాట నాణ్యతలో ఇవి తీగ జతలకు సరి రావు. అయినా ఏరేటర్ పక్కన హెచ్‌డి 800 ఎస్ కంటే ఇవే బాగా పాడతాయి.

ఆటపాక పక్షుల కేంద్రంలో గూడబాతుల, కొంగల సద్దు రికార్డు చేసేవారికి మాత్రం నాయిస్ క్యాన్సిలింగ్ తగదు. మైకు ఏం పడుతోందో ఉన్నదున్నట్టు తెలియాలి. మూసిన తీగ జతే పెట్టుకోవాలి.

హౌరా–మద్రాసు ప్రధాన రైలు మార్గం మీదనే ఏలూరు, తాడేపల్లిగూడెం స్టేషన్లున్నాయి. రోజూ బండెక్కి విజయవాడ వెళ్లివచ్చేవారికి, తాడేపల్లిగూడెం ఎన్‌ఐటీ విద్యార్థులకు చెవిలో బిగించుకునే రకం మేలు. ఎటిమోటిక్ 1991లో తెచ్చిన ఈఆర్-4 ఈ కోవలో పెద్దన్న: రొదను గట్టిగా ఆపుతుంది, నడిమి స్వరాలు నిక్కచ్చిగా ఉంటాయి, బేస్ మితం. గొంతు, వయొలిన్ వినేవారికి చిన్న పరిమాణంలో దొరికే మంచి బేరం ఇలాంటివే. స్టేషన్ దగ్గర పట్టాలు దాటేటప్పుడు మాత్రం తీసి జేబులో పెట్టుకోవాలి.

చెమట, తేమ మరో శత్రువు. తోలులాంటి కృత్రిమ పొర ఉన్న చెవి దిండ్లు ఈ గాలిలో రెండు మూడేళ్లకే పొలుసులుగా రాలతాయి. కొనేముందు దిండ్లు విడిగా దొరుకుతాయా, చేత్తో మార్చుకోవచ్చా అని అడగాలి. వెల్వెట్ గుడ్డ దిండ్లు చెమటను ఓర్చుకుంటాయి. డీటీ 770, హెచ్‌డి 600 అందుకే ఇక్కడ ఎక్కువ కాలం నిలుస్తాయి. ఎలక్ట్రోస్టాటిక్ జతకు తేమ బొత్తిగా పడదు. వానాకాలంలో సిలికా జెల్ సంచులు వేసిన డబ్బాలోనే ఉంచాలి.

ఆంప్లిఫయర్ అవసరమా

అవసరమో కాదో జత ధర చెప్పదు, దాని సున్నితత్వం చెబుతుంది. ఫోకల్ యుటోపియాకు ఒక మిల్లీవాట్ ఇస్తే 104 డెసిబెల్ పలుకుతుంది. హైఫైమాన్ సుస్వరకు అదే మిల్లీవాట్ ఇస్తే 83. ప్రతి 10 డెసిబెల్‌కు శక్తి పదింతలు కావాలి కాబట్టి, సుస్వర 103కు చేరాలంటే వంద మిల్లీవాట్లు కావాలి. ఫోను అంత ఇవ్వలేదు. 300 ఓమ్‌ల హెచ్‌డి 600ను ఫోనుతో వినవచ్చు. మోనో పాటకు సరిపడా పలుకుతుంది, కచేరీలో మృదంగం తనియావర్తనం దగ్గర బలం చాలదు. చిన్న ఆంప్లిఫయర్ ఒకటి కలిపితే సరిపోతుంది. ఖరీదైన తీగలు, వెండి కేబుళ్ల జోలికి పోనక్కర్లేదు.

చెవి

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం పెద్దవాళ్లు 80 డెసిబెల్ వద్ద వారానికి 40 గంటలు, 90 డెసిబెల్ వద్ద వారానికి 4 గంటలు మాత్రమే వినవచ్చు. పిల్లలకు 75 డెసిబెల్ హద్దు. రొదలో తెరిచిన జత పెట్టుకున్నవాడు రొదను దాటడానికి వాల్యూమ్ పెంచుతాడు. ఫ్యాను కింద గంటలకొద్దీ విన్నందువల్ల వచ్చే చేటు అదే. మూసిన జతో, చెవిలో బిగించేదో ఎంచుకోవడానికి అసలు కారణం నాణ్యత కాదు, ఇది.

ఎంపిక

ఒక్క జతే కొనగలిగితే, గది కాస్త నిశ్శబ్దంగా ఉంటే, ఈ సీమ సంగీతానికి హెచ్‌డి 600 లేదా 650. రొదలో ఉంటే డీటీ 770 ప్రో లేదా చెవిలో బిగించే తటస్థమైన రకం. వీణ కోసం ప్రాణం పెట్టేవారు డబ్బుంటే ప్లానార్ వైపు, చాలా డబ్బుంటే స్టాక్స్ వైపు వెళ్లవచ్చు. లక్ష దాటాక పెరిగే సుఖం తక్కువ, పెరిగే ధర ఎక్కువ.

దుకాణంలో విని చూసే అవకాశం దొరికితే వాళ్లు పెట్టే నమూనా పాట వినకండి. మూడు పాటలు వెంట తీసుకువెళ్లండి: ఘంటసాల మోనో పాట ఒకటి, వీణ ఆలాపన ఒకటి, నాటు నాటు ఒకటి. మూడోది చాలా జతల్లో బాగానే ఉంటుంది. మొదటి రెండింటిలో ఏది తేలిపోయినా, ఎంత పేరున్న జతైనా కొనకండి.